గవర్రాజు కొట్లో పునుగులాంటిది

ఒక పెద్ద అడవిలో అందరికీ ముక్కులుండేవి గానీ, ఏది మంచి వాసనో చెప్పే అధికారం మాత్రం ఏడుగురికే ఉండేది. ఆ ఏడుగురి సభ పేరు పరిమళ పరిషత్తు.

అధ్యక్షుడు ఎలుగుబంటి. తేనె తప్ప మరో వాసన ఆయన ముక్కుకు ఎక్కదు. ఉపాధ్యక్షుడు నెమలి. ఆయనకు వాసనల సంగతే తెలియదు, కానీ సభలో కూర్చుంటే చూడ్డానికి నిండుగా ఉంటుందని వేశారు. మిగతా ఐదుగురూ ఈ ఇద్దరూ తల ఊపినప్పుడు తల ఊపడానికి ఉన్నారు. కార్యదర్శి గుంటనక్క వీరభద్రం. పరిషత్తులో పని చేసేదీ ఆయనే, తినేదీ ఆయనే.

ఈ పరిషత్తు కొన్నేళ్ల కిందట ఒక తీర్మానం చేసింది. మృగరాజు దర్బారులో అడుగు పెట్టాలంటే ఒంటికి పునుగు రాసుకుని ఉండాలి. రాసుకోనివాళ్లు మామూలు జంతువులు. మామూలు జంతువుల గోడు వాకిట్లో తోడేలు వింటుంది, విని అక్కడే మరిచిపోతుంది. అదే పునుగు వాసన తగిలిందంటే, ఆ తోడేలే లేచి నిలబడి దారి ఇస్తుంది. వచ్చింది ఎవరని కూడా అడగదు.

అడవి మొత్తానికి పునుగు ఇచ్చేది ఒక్కడే, పునుగుపిల్లి కుసుమాకరం. మూడేళ్ల కిందట రాజభటులు అతన్ని సకల మర్యాదలతో పట్టుకొచ్చారు. ఎవరో వేటగాళ్లు వదిలేసి పోయిన ఇనప బోనులో పెట్టి, బోనుకు పసుపు రాసి, బంగారు పంజరం అన్నారు. లోపల ఒక గంధపు గుంజ పాతారు. కుసుమాకరం పొద్దస్తమానం ఆ గుంజకు ఒళ్లు రుద్దుకోవాలి. గుంజకు అంటిన జిడ్డును వీరభద్రం గీకి ఉసిరికాయంత ఉండలు చేసి, ఉండకు ఒక నిండు తేనెపట్టు చొప్పున పెద్దవాళ్లకు అమ్మేవాడు. బోను మీద 'ఆస్థాన పరిమళాచార్య' అని బోర్డు పెట్టారు. కుసుమాకరం ఆ బోర్డును లోపలి నుంచి చూడలేడు గానీ, అది ఉందన్న సంగతిని ఒక్క క్షణం మరిచిపోయేవాడు కాదు.

అతని భార్య జవ్వాజి కొండ అవతల తాటితోపులో ఉండేది. భర్తను పట్టుకుపోయిన నెలకు ఆమెకు ఇద్దరు పిల్లలు పుట్టారు. ఆ పిల్లలు తండ్రిని ఎప్పుడు చూసినా ఊచల మధ్య నుంచే చూశారు. ఆ సందులో ముక్కు దూరేది గానీ మొహం దూరేది కాదు. తండ్రి అంటే వాళ్లకు ఒక వాసన, అంతే.

"ఏమండీ, ఇంటికి ఎప్పుడొస్తారు?" అని వెళ్లిన ప్రతిసారీ జవ్వాజి అడిగేది.

"ఎలా వస్తానే? రాజ్యం నా మీద ఆధారపడి ఉంది."

"తలుపుకు గడియ బయట ఉందండీ."

"గొప్పవాళ్ల ఇళ్లకు బయట కాపలా ఉంటుంది. తోపులో పుట్టినదానివి, నీకేం తెలుసు?" అనేవాడు కుసుమాకరం, గుంజకు రుద్దీ రుద్దీ బొచ్చు ఊడిపోయిన పక్కను ఆమెకు కనపడకుండా అటు తిప్పుకుంటూ.

భర్తతో లాభం లేదని ఒకరోజు జవ్వాజి నేరుగా వీరభద్రం దగ్గరికి వెళ్లింది.

"కార్యదర్శిగారూ, పిల్లలు పెద్దవాళ్లవుతున్నారు. చెట్టెక్కడం నేర్పే తండ్రి లేడు. ఆయన్ను వదిలిపెట్టండి."

వీరభద్రం చాలా బాధపడ్డాడు. బాధపడడం ఆయనకు బాగా అలవాటు. "చూడమ్మా, నాకు మాత్రం పిల్లలు లేరా? కానీ రాజ్యానికి పునుగు అవసరం. అవసరం ఉన్నంతకాలం మీ ఆయన లోపల ఉండక తప్పదు."

"అవసరం లేకపోతే?"

"లేకపోతే బోనెందుకమ్మా, దండగ. అప్పుడే వదిలేస్తాం," అన్నాడు వీరభద్రం ధైర్యంగా. అలాంటి రోజు రాదని ఆయనకు తెలుసు.

జవ్వాజి ఆ మాటను గట్టిగా పట్టుకుంది. అవసరం లేకుండా చేసేవాడు ఎవడా అని వెతుక్కుంటూ గాదె గవర్రాజు కొట్టుకు వెళ్లింది.

గాదె గవర్రాజు పందికొక్కు. పాడుబడ్డ పెద్ద పుట్ట కింద 'వనశ్రీ సూపర్ బజారు' నడిపేవాడు. అడవిలో మిగతా కొట్లలో బేరగాడి మొహం చూసి సరుకు చూపించేవారు. గవర్రాజు కొట్లో వరసగా అరలుండేవి, ఎవరికి కావలసింది వాళ్లు తమ చేత్తో తీసుకోవచ్చు. ఒక అరలో తేనెలాంటిది ఉండేది, అంటే బెల్లం పాకం. ఇంకో అరలో జున్నులాంటిది ఉండేది, అదేమిటో గవర్రాజుకు కూడా సరిగ్గా తెలియదు. అయితే ప్రతి దొప్ప మీదా 'లాంటిది' అని రాసే పెట్టేవాడు. ఆ మేరకు అతను పరిషత్తు కన్నా నిజాయితీపరుడు.

"గవర్రాజన్నా, పునుగులాంటిది చేయగలవా?" అని అడిగింది జవ్వాజి.

గవర్రాజు మీసాలు కదిలాయి. "చేస్తే కొనేవాళ్లకేం కొదవ చెల్లెమ్మా? దర్బారు వాకిట్లో నిలబడి నిలబడి కాళ్లు పీకినవాళ్లందరూ కొంటారు. కానీ అసలు వాసన నాకు తెలీదే. దాన్ని వాసన చూడాలన్నా తేనెపట్టు ఇమ్మంటాడు ఆ గుంటనక్క."

"నాకు తెలుసు," అంది జవ్వాజి. "మూడేళ్లుగా నాకు గుర్తున్నది అదొక్కటే."

మర్నాటి నుంచి ఇద్దరూ పనిలో దిగారు. జవ్వాజి చెబుతూ ఉంటే గవర్రాజు కలిపేవాడు. మొగలి రేకులు దంచారు. వట్టివేళ్లు నానబెట్టారు. ఇప్పపూలు పులియబెట్టారు. తాటిపండు పీచు పిండారు. ఆమె మూత తీసి వాసన చూడడం, తల అడ్డంగా ఊపడం, అతను పారబోయడం. ఇలా పది రోజులు గడిచాయి.

"అన్నీ ఉన్నాయన్నా. అడుగున కాస్త కంపు తగ్గింది," అంది ఆమె చివరికి.

"కంపా?"

"పునుగంటే ఒట్టి పరిమళం కాదు. అడుగున కొంచెం కంపు ఉంటుంది. అది లేకపోతే పెద్దవాళ్లు నమ్మరు."

గవర్రాజు కొంచెం సిగ్గుపడి, తను పడుకునే కలుగులోంచి చిటికెడు మట్టి తెచ్చి కలిపాడు. జవ్వాజి ఆ దొప్పను నేల మీద పెట్టింది. ఆమె చిన్నకొడుకు అటు వచ్చి, ముక్కెగరేసి, దొప్ప చుట్టూ ముడుచుకుని పడుకుని "నాన్న" అన్నాడు.

జవ్వాజి అటు తిరిగి కళ్లు తుడుచుకుంది. "అయిందన్నా. ఇంకేం కలపొద్దు."

పునుగులాంటిది గవర్రాజు అరలోకి వచ్చింది. దొప్పకు పన్నెండు ఇప్పపూలు. మొదటి రోజు ఒక ముళ్లపంది భయపడుతూ కొని, రాసుకుని, దర్బారుకు వెళ్లింది. దాని కలుగులోకి వాననీళ్లు వస్తున్నాయని మూడు వానాకాలాలుగా అర్జీ పెట్టుకుంటోంది. తోడేలు లేచి నిలబడింది. లోపల మృగరాజు ముళ్లపంది కేసి చూసి, "మన పెద్దల్లో తమరిని ఎప్పుడూ చూసినట్టు లేదే," అని ఆ సాయంత్రానికే కలుగు బాగుచేయించాడు.

ఇక చెప్పాలా. వారం తిరిగేసరికి అడవిపందులు, కుందేళ్లు, చివరికి పేడపురుగులు కూడా దర్బారుకు బయలుదేరాయి. తోడేలుకు లేవడం కూర్చోవడంతోనే నడుము పట్టేసింది. అర్జీలన్నీ పరిష్కారమైపోతున్నాయని దర్బారులో గగ్గోలు పుట్టింది. పెద్దవాళ్లు మొదట ముక్కులు మూసుకున్నారు. తర్వాత పనివాళ్లను పంపి గుట్టుగా తెప్పించుకున్నారు. ఎలుగుబంటి పెళ్లాం ఏకంగా పది దొప్పలు తెప్పించి, ఇంట్లో పాత పునుగు డబ్బాలో పోసుకుంది. పరిషత్తు అధ్యక్షుడికి తేడా తెలియలేదు. పైగా "ఈమధ్య మన ఆచార్యుడి చేయి తిరిగింది," అని మెచ్చుకున్నాడు.

వీరభద్రం దగ్గర మాత్రం ఉండలు పేరుకుపోయాయి. ఆయన భటులను పంపి గవర్రాజును దర్బారుకు ఈడ్పించాడు.

"ఏరా గవర్రాజూ, రాజముద్ర ఉన్న సరుకుకు నకిలీ చేస్తావా?"

"చిత్తం, లాంటిది అని రాసే అమ్ముతున్నానండి. అసలుకూ దీనికీ ఏం తేడా ఉందో పరిషత్తు పెద్దలు సెలవిస్తే, ఆ తేడా కూడా కలిపేస్తాను," అన్నాడు గవర్రాజు. అతనికి లోపల ఆశ పుట్టింది. పరీక్ష పెట్టి రెండూ సమానమని ఒప్పుకుంటే, కొట్టు ముందు 'దర్బారు వారు సమానమన్నది' అని బోర్డు కట్టుకోవచ్చు.

తేడా సెలవివ్వమనగానే పరిషత్తు పెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నెమలి పురి విప్పింది. అది ఆయన ఏమీ తోచనప్పుడు చేసే పని. వీరభద్రం వాళ్లను నమ్ముకుంటే పరువు పోతుందని గ్రహించి, ముందుకొచ్చాడు.

"మహారాజా, తన వాసన తను గుర్తుపట్టలేని జంతువు అడవిలో పుట్టలేదు. ఆచార్యుడు కుసుమాకరం కళ్లకు గంతలు కట్టి రెండు సరుకులూ రెండు చిప్పల్లో ముందు పెడదాం. తనదేదో ఆయనే చెబుతాడు. తేడా తేలగానే ఈ పందికొక్కు కొట్టు మూసేసి అడవి అవతలికి తరిమేద్దాం."

"తేడా తేలకపోతే?" అంటూ జనంలోంచి జవ్వాజి ముందుకొచ్చింది. ఒంటికి పునుగులాంటిది రాసుకుని ఉంది కనుక మృగరాజు విన్నాడు. "తేలకపోతే మా ఆయన అవసరం లేనట్టే కదా మహారాజా? బోను తలుపు తీయించాలి."

మృగరాజుకు భోజనం వేళ దాటిపోతోంది. "సరే," అన్నాడు.

ఆ సాయంత్రమే జవ్వాజి బోను దగ్గరికి వెళ్లింది. ఊచల సందులో ముక్కు పెట్టి మెల్లగా చెప్పింది. "ఏమండీ, రేపు రెండు చిప్పలూ వాసన చూసి, ఏది నాదో తెలియడం లేదనండి. ఆ ఒక్క మాట అంటే చాలు, ఇంటికి వచ్చేస్తారు."

"తెలియడం లేదనాలా?" కుసుమాకరం వెనక్కి జరిగాడు. "ఒక పందికొక్కు పుట్ట కింద కలిపినదాన్నీ, నా ఒంటిలోంచి వచ్చినదాన్నీ పక్కపక్కన పెట్టి, నాకు తేడా తెలియదనాలా? నలుగురిలో?"

"పిల్లల కోసమైనా."

"రేపు పెద్దవాళ్లయ్యాక ఆ పిల్లలకు ఏమని చెప్పుకోను? మీ నాన్నకు తన వాసన తనకే తెలియదని చెప్పుకోనా? వెళ్లవే. నిజమే చెబుతాను. అడవి మొత్తం వింటుంది."

జవ్వాజికి ఏడుపు వచ్చింది, ఏడుపు కన్నా ఎక్కువ కోపం వచ్చింది. ఇంత ప్రేమించినవాడు ఇంత మూర్ఖుడెలా అయ్యాడా అనుకుంటూ కొండ దిగింది. తనవల్ల పాపం గవర్రాజు కొట్టు కూడా పోతుందని ఆ దిగులు ఒకటి.

మర్నాడు అడవంతా పోగైంది. బోను ముందు రెండు కొబ్బరి చిప్పలు పెట్టారు. ఒకదాంట్లో ఆ పొద్దున్నే గుంజ మీంచి గీకిన పునుగు, రెండోదాంట్లో గవర్రాజు సరుకు. ఏది ఎవరిదో చిప్పల అడుగున గుర్తు వేశారు. కుసుమాకరం కళ్లకు గంతలు కట్టారు. జవ్వాజి పిల్లలిద్దరినీ దగ్గరికి లాక్కుని నిలబడింది.

కుసుమాకరం మొదటి చిప్ప మీదికి వంగి, వాసన చూసి, మొహం చిట్లించాడు.

"ఛీ. దీంట్లో ఇనప తుప్పు కొడుతోంది. మాగిన పళ్లు కాదు, కుళ్లిన పళ్లు తిన్నవాడిది. వీడు కొన్నేళ్లుగా చెట్టెక్కలేదు. ఎవడో దిగులుతో ఉన్న ముసలి జంతువు ఒంటి జిడ్డు ఇది. పాపం, నన్ను అనుకరించాలని చూశాడు."

తర్వాత రెండో చిప్ప మీదికి వంగాడు. చాలాసేపు తల ఎత్తలేదు.

"ఇదీ," అన్నాడు. "ఇందులో తాటిపండు ఉంది. వాన పడ్డ వట్టివేళ్లున్నాయి. మా తోపు మీద వీచే గాలి ఉంది. ఇదే నాది. ఎవరికి తెలియకపోయినా నాకు తెలుసు."

జవ్వాజికి అప్పుడు అర్థమైంది. బోనులోకి వెళ్లకముందు ఆయన ఎలా ఉండేవాడో అలాగే గుర్తుపెట్టుకుని, అలాగే చేయించింది తను. ఆయన కూడా తనను తాను అలాగే గుర్తుపెట్టుకుని ఉన్నాడు. బోనులో ఉన్నవాడు ఎవరో వాళ్లిద్దరికీ తెలియదు.

భటుడు రెండో చిప్ప తిప్పి చూపించాడు. అడుగున పందికొక్కు గుర్తు ఉంది. ఒక అడవిపంది పగలబడి నవ్వింది. దాని వెనక అడవి అంతా నవ్వింది.

వీరభద్రం చప్పున లెక్క వేసుకున్నాడు. మూడేళ్లుగా దర్బారు పెద్దలు పూసుకున్నది, చేసినవాడే ఛీ అన్న జిడ్డు అని నలుగురిలో తేలిపోయింది. తప్పు ఎవరిదో తేల్చాలంటే తనదే అవుతుంది. అలాంటప్పుడే ఆయన బుర్ర బాగా పని చేస్తుంది.

"శాంతించండి," అన్నాడు. "పరిషత్తు ఏనాడూ పొరబడలేదు, ఈనాడూ పొరబడదు. అసలు ఏదో చెప్పే హక్కు ఆచార్యుడిదని మనమే ఒప్పుకున్నాం. ఆచార్యుడు చెప్పాడు. రెండో చిప్పే అసలు. అంటే మొదటి చిప్ప నకిలీ. నకిలీ ఇచ్చేవాణ్ణి ఇంతకాలం ఆస్థానంలో పెట్టుకున్నాం, ఇక చాలు. అసలు ఎవరి దగ్గర ఉందో వారే నేటి నుంచి ఆస్థాన పరిమళాచార్య."

ఎలుగుబంటి తల ఊపింది. నెమలి తల ఊపింది. మిగతా ఐదు తలలూ ఊగాయి.

నవ్వుతూ నిలబడ్డ గవర్రాజుకు ఇది ఎటు పోతోందో తెలియడానికి కొంచెం సేపు పట్టింది. భటులు రెండు చేతులూ పట్టుకున్నాక తెలిసింది.

"అయ్యా, నాది నకిలీ అండి," అని మొత్తుకున్నాడు. "నా పిల్లల మీద ఒట్టు, అంతా నకిలీ. అడుగున నా కలుగు మట్టి ఉందండి. కావాలంటే రాసిస్తాను."

"చూశారా వినయం," అన్నాడు వీరభద్రం చుట్టూ చూసి. "నిజమైన ఆచార్యులు ఇలాగే ఉంటారు."

బోను తలుపు తెరిచారు. గవర్రాజును లోపలికి తోశారు. తమాషా ఏమిటంటే కుసుమాకరం బయటికి రాలేదు. గుంజ పట్టుకుని, "పొరబాటు జరిగింది, నాది మొదటి చిప్పే, నాకు ఆ తుప్పు వాసన బాగా తెలుసు," అని వాదించాడు. ఎవరూ వినిపించుకోలేదు. జవ్వాజి లోపలికి వెళ్లి, పిల్లలను పట్టుకున్నట్టు అతన్ని మెడ దగ్గర నోట కరుచుకుని ఈడ్చుకొచ్చింది.

కొండ ఎక్కేటప్పుడు అతను ఒక్కటే అడిగాడు. "ఏమే, నా వాసన అంత పాడైపోయిందా?"

"మీది పాడవలేదండీ. బోను అంటుకుంది. పోతుందిలెండి," అంది ఆమె. పిల్లలు మాత్రం ఆ రోజంతా అతని దగ్గరికి రాలేదు. వాన పడి, అతను రెండు తాటిచెట్లు ఎక్కి దిగాక మెల్లగా చేరారు.

బోనులో గవర్రాజు మొగలి రేకులు అడిగాడు, ఇవ్వలేదు. వట్టివేళ్లు అడిగాడు, ఆచార్యులకు అలాంటివి అక్కర్లేదన్నారు. గుంజ చూపించి రుద్దుకోమన్నారు. రుద్దుకున్నాడు. పందికొక్కు గుంజకు ఒళ్లు రుద్దుకుంటే ఏం వస్తుందో అదే వచ్చింది. వీరభద్రం దాన్ని ఉండలు చేసి, ధర మూడు తేనెపట్లు చేశాడు. మొదటి ఉండ వాసన చూసిన ఎలుగుబంటికి కళ్ల వెంట నీళ్లు కారాయి.

"అబ్బ," అన్నాడు ఆయన ముక్కు పట్టుకుని, "ఇన్నాళ్లకు అసలు వాసన చూశాను."

జవ్వాజి విశ్వాసం ఉన్న మనిషి. నెలకోసారి అరటిపళ్లు పట్టుకుని గవర్రాజును చూడ్డానికి వెళ్లేది. ఒకసారి అతను ఊచల సందులోంచి మెల్లగా అడిగాడు.

"చెల్లెమ్మా, మీ ఆయన్ను విడిపించినట్టే నన్నూ విడిపించకూడదూ? నాలాంటిది ఇంకెవరి చేతనైనా చేయించు."

"చేయిస్తానన్నా. కానీ పక్కన కూర్చుని ఇలా కాదు, అలా అని చెప్పేవాళ్లు కావాలి. నీ వాసన గుర్తుపెట్టుకుని బెంగపడేవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పు, రేపే మొదలుపెడదాం."

గవర్రాజు పెళ్లాం పేరు చెబుదామనుకుని మానేశాడు. పిల్లల పేర్లు తలుచుకుని మానేశాడు. చివరికి అరటిపండు తొక్క తీయడం మొదలుపెట్టాడు.

వనశ్రీ సూపర్ బజారును ఇప్పుడు జవ్వాజే చూసుకుంటోంది. కుసుమాకరం సాయంత్రం పూట కొట్టు వెనక తాటి దుంగకు ఒళ్లు రుద్దుకుంటాడు, తనకు తోచినప్పుడు మానేస్తాడు. వచ్చేది అచ్చమైన పునుగు. ఆమె దాన్ని దొప్పల్లో పెట్టి, పన్నెండు ఇప్పపూలకు అమ్ముతుంది. రోజూ బేరాలు బాగానే ఉంటాయి. కొన్నవాళ్లు మూత తీసి వాసన చూసి, పక్కవాళ్లతో అంటుంటారు: "ధరకు తగ్గట్టు బాగానే ఉంది గానీ, అసలు దానంత ఘాటు లేదు."

నీతి: నకిలీ సరుకు అమ్మేవాడు ఎన్ని తప్పులైనా చేయవచ్చు గానీ, అసలు దాని కన్నా బాగా మాత్రం చేయకూడదు.